ఒడ్డున ఒకరుండాలి

గుండీలమ్మ సంచిలో సర్దిన ప్రతి వస్తువునూ వదిన మళ్ళీ బయటికి తీసి మంచం మీద పెడుతోంది. ఉన్ని మేజోళ్ళు రెండు జతలు పెడితే ఒకటి తీసేసింది. మందుల డబ్బా పెడితే, "ఇదెందుకే, మా అమ్మాయి ఇల్లే ఒక మందుల షాపు" అని పక్కన పడేసింది. దుప్పటి మడిచి పెడితే, దాన్ని దులిపి మళ్ళీ మంచం మీద పరిచింది.

"నెలలో తిరిగొచ్చేదానికి ఇంత మూటెందుకు? చూసినవాళ్ళు నువ్వు నన్ను ఇంట్లోంచి గెంటేశావనుకుంటారు."

"గెంటితే కదిలే మనిషివేనా నువ్వు?" అంది గుండీలమ్మ. వదిన కిటికీ వైపు తిరగ్గానే మందుల డబ్బా తీసి మేజోళ్ళ కింద దూర్చేసింది.

వీధి చివర లాండ్రీలో ఊడిన గుండీలు కుట్టడం, చిరిగిన జేబులు బాగుచేయడం ఆమె పని. ఏ జేబులో చెయ్యి పెట్టినా గుండీలు గలగలమంటాయి కాబట్టి అందరూ ఆ పేరుతోనే పిలుస్తారు. వదిన ఆమె భర్తకు అక్క; ఊళ్ళోవాళ్ళూ ఆమెను వదిన అనే పిలుస్తారు. ఆ భర్త పోయాక కూడా వదినా మరదళ్ళు ఇద్దరూ ఈ రెండు గదుల్లో కలిసే ఉంటున్నారు. ఒకరిది ఇల్లు ఎగిరిపోయే గొంతు. ఇంకొకరు తలుపు గడియ వేశామో లేదో అని పక్కమీంచి రెండుసార్లు లేచి చూసే రకం.

"నీ నీలం చారల తువ్వాలు కనపడదేం?" గుండీలమ్మ అలమర అడుగుదాకా వెతికింది.

"మేకు మీదుంది."

"మరిచిపోయి వచ్చావా?"

"మరిచిపోయే మొహమేనా ఇది? వదిలేసి వచ్చాను. నువ్వు దాన్ని ముట్టుకోకు."

గుండీలమ్మ చేతులు సంచి మూతి దగ్గరే ఆగిపోయాయి.

సముద్రం ఒడ్డున, ఊరి స్నానాల తీరంలో బట్టలు మార్చుకునే చెక్క గది ఒకటుంది. దాని గోడకు బారుగా మేకులు. నీళ్ళలోకి దిగేవాళ్ళు తువ్వాలు మేకుకు తగిలించి దిగుతారు, పైకి రాగానే తీసుకుంటారు. మేకు మీద తువ్వాలుందంటే మనిషి నీళ్ళలో ఉన్నట్టు. ఒడ్డున చివరికి మిగిలినవాళ్ళు మేకులన్నీ ఖాళీ అయ్యేదాకా కదలకూడదు. వేసవిలో జనం చీమల్లా వచ్చి పడినప్పుడు ఈ పద్ధతి ఎవరికీ పట్టదు. చలి మొదలయ్యాక కూడా రోజూ దిగే ఆ పదిమందికి మాత్రం అది ప్రాణంతో సమానం. సాయంత్రం గేటుకు తాళం వేసే ఆయన కూడా ముందు మేకుల వంక చూసి, తర్వాతే తాళంచెవి తీస్తాడు. నీళ్ళలో మనిషి ఉండగా గేటు మూయరాదని మునిసిపాలిటీ వాళ్ళు పెట్టిన బోర్డు గేటుకే వేలాడుతూ ఉంటుంది.

"నువ్వు ఊళ్ళో లేకుండా నీ తువ్వాలుంటే ఎలా వదినా? అందరూ నీకోసం చూస్తూ కూర్చుంటారు."

"కూర్చోనీ. సోమవారం గేటు మూసేస్తారటగా, మళ్ళీ వేసవి దాకా. మూసేటప్పుడు నేనక్కడ ఉండొద్దూ?"

వదిన గుండెల్లో రగులుతున్నది అదే. చలికాలమంతా తీరం మూసేసి, ఆ చెక్క గదిని పక్క హోటలు వాళ్ళ వేసవి కుర్చీలూ గొడుగులూ పెట్టుకోవడానికి ఇస్తున్నారు. మనుషుల్ని పంపేసి కుర్చీలకు చోటిస్తున్నారు. ఆ కబురు విన్నరోజు వదిన గేటు దగ్గర నిలబడి, "నా మీంచి మోసుకెళ్ళండి మీ కుర్చీల్ని" అని వీధి చివరిదాకా వినపడేలా అరిచింది. మర్నాడే నీళ్ళలోంచి పైకొస్తూ మెట్ల మీద గుండె పట్టుకుని కూర్చుండిపోయింది. డాక్టరు విశ్రాంతి అన్నాడు. కూతురు మా ఇంటికి రా అంది.

కింద కారు హారన్ మోగింది. కూతురు మెట్లెక్కి వచ్చి, కూర్చోకుండానే సంచి అందుకుంది.

"అత్తయ్యా, మీరేమీ అనుకోకండి. ఈ వయసులో అమ్మని ఆ మంచు నీళ్ళ దగ్గరికి మీరు తీసుకెళ్ళకుండా ఉండాల్సింది."

"అది నన్ను తీసుకెళ్ళడమేంటే?" అంది వదిన, చెప్పులో కాలు దూరుస్తూ. "నేనే దాన్ని ఈడ్చుకెళ్ళేదాన్ని. ఇన్నేళ్ళలో మీ అత్తయ్య చీలమండ తడుపుకున్న పాపాన పోలేదు. కోటేసుకుని బెంచీ మీద కూర్చుని మా తలకాయలు లెక్కపెట్టడమే దాని ఈత."

"ఒడ్డున ఒకరుండాలని నువ్వేగా అన్నావు" అంది గుండీలమ్మ మెల్లగా.

"అన్నాను. ఉండాలి కూడా."

కారు తలుపు సరిగా పడిందో లేదో అని గుండీలమ్మ రెండుసార్లు లాగి చూసింది. కారు కదిలాక కూడా చెయ్యి తలుపు మీదే ఉంచి నాలుగడుగులు దాంతోపాటే నడిచింది.

వదిన అద్దం దించింది. "వదలవే, చక్రం కింద పడతావు."

వదిలింది.

మర్నాడు పొద్దున గుండీలమ్మ అలవాటు కొద్దీ ఫ్లాస్కులో టీ పోసుకుని తీరానికి వెళ్ళింది. కప్పులు రెండు తెచ్చానని బెంచీ మీద కూర్చున్నాక గానీ తెలియలేదు. ఒకటి మళ్ళీ సంచిలో పెట్టేసింది.

గాలి కొట్టుకొచ్చిన ఇసుక గేటు కింద మేట వేసింది. రాతి మెట్లు నీళ్ళలోకి దిగేచోట ఒక ఇనుప కమ్మీ, ఆ కమ్మీ నుంచి దూరంగా ఉన్న స్తంభం దాకా కట్టిన లావుపాటి తాడు. తాడు మునగకుండా దాని పొడుగునా ఎర్రటి ప్లాస్టిక్ డొల్లలు తేలుతున్నాయి. వదిన తువ్వాలు తడారి, ఉప్పుకు అట్టలా బిగుసుకుని, గాలి వచ్చినప్పుడల్లా గోడను తడుతోంది.

రొట్టెలాయన బేకరీలో పొయ్యి ఆర్పి నేరుగా వచ్చాడు. చెవి వెనకాల ఇంకా పిండి ఉంది. బడి గంట కొట్టేలోగా ఒక మునక వేసి వెళ్ళే పంతులమ్మ అతని వెనకే వచ్చింది. ఇద్దరూ తువ్వాళ్ళు తగిలించబోతూ నీలం చారలు చూసి ఆగిపోయారు.

"వదిన వెళ్ళలేదా?" అంది పంతులమ్మ.

"వెళ్ళింది. తువ్వాలు అక్కడే ఉండాలంది."

రొట్టెలాయన ఒక్క క్షణం ఆలోచించి పొట్ట ఊగేలా నవ్వాడు. "అంటే ఆవిడింకా నీళ్ళలోనే ఉన్నట్టు. ఆవిడ పైకొచ్చేదాకా మనమెవరం ఇంటికి పోకూడదు. ఈ సంగతి మా ఆవిడకి నువ్వే వచ్చి చెప్పాలి గుండీలమ్మా, నేను చెబితే నమ్మదు."

"నవ్వులాటకేం గానీ, సోమవారం ఎవరు మాట్లాడతారు?" అంది పంతులమ్మ. "వదిన ఉంటే ఆ మునిసిపాలిటీ ఆఫీసర్ని నిలబెట్టి కడిగేసేది."

ఇద్దరూ గుండీలమ్మ వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకున్నారు. అలా తిప్పుకోవడం ఆమె కనిపెట్టింది. అందులో వాళ్ళ తప్పేమీ లేదు. లాండ్రీలో ఎవరైనా వరస తప్పి ముందుకొచ్చినా, వాళ్ళ పని చేసి పంపడమే తప్ప ఇదేంటని అడగలేని మనిషి తను.

వాళ్ళు దిగారు. గుండీలమ్మ కుడి జేబులో రెండు గుండీలు వేసుకుంది. తలకాయ ఒకటికి గుండీ ఒకటి. మనిషి పైకొచ్చి తువ్వాలు తీసుకుంటే ఆ గుండీ ఎడమ జేబులోకి పోతుంది. కుడి జేబు ఖాళీ అయ్యేదాకా ఆమె టీ కూడా తాగదు. వాళ్ళు వేసవిలోనూ దిగారు, వానలోనూ దిగారు, మెట్ల మీద మంచు పొర కట్టిన పొద్దుల్లో చీపురుతో దాన్ని ఊడ్చి మరీ దిగారు. ఏ రోజునా ఆమె కళ్ళు నీళ్ళ మీంచి పక్కకు పోలేదు. ఈ పొద్దున కాసేపు ఆలోచించి, మూడో గుండీ కూడా కుడి జేబులో వేసుకుంది.

వాళ్ళింకా నీళ్ళలో ఉండగానే ఆఫీసరు వచ్చాడు. కుర్రాడే. చొక్కా ఇస్త్రీ మడత నలగలేదు. చెక్క గది తలుపు తీయించి, కొలిచే టేపుతో గోడలు కొలుచుకున్నాడు. వెళ్తూ వెళ్తూ బెంచీ దగ్గర ఆగి మర్యాదగా పలకరించాడు.

"మీకందరికీ కోపంగా ఉందని తెలుసమ్మా. ఈ చలిలో పెద్దవాళ్ళకి ఏమన్నా అయితే జవాబు చెప్పాల్సింది మేమే కదా. మొన్న ఒకావిడ మెట్ల మీద పడిపోయిందట."

"పడిపోలేదండి. కూర్చుంది."

"సరే, కూర్చుంది. మీరూ ఈత కొడతారా?"

"లేదండి. నేను చూస్తుంటాను."

"అయితే మీకేం ఇబ్బంది లేదు" అన్నాడతను, ఊరటగా. "చూడ్డానికి రోడ్డు మీంచి కూడా బాగానే కనపడుతుంది."

అందులో వేళాకోళం లేదు. నిజంగానే ఆమెకు మంచి కబురు చెప్పాననుకున్నాడు. రోడ్డు మీంచి అరిస్తే నీళ్ళలో వాళ్ళకి వినపడదు బాబూ అనాలనుకుంది గుండీలమ్మ. నోరు తెరిస్తే "అవునండి" అని వచ్చింది.

ఆ "అవునండి" రోజంతా చేప ముల్లులా గొంతులో గుచ్చుకుంటూనే ఉంది. లాండ్రీలో ఒక కోటుకు గుండీ తలకిందులుగా కుట్టి, విప్పి మళ్ళీ కుట్టింది.

ఆదివారం సాయంత్రం ఆమె వదిన పెట్టె తెరిచింది. అడుగున వదిన పాత ఈత బట్టలు ఉన్నాయి. నల్లటి గుడ్డ, ఒకప్పుడు తనే కుట్టింది. కిటికీ వెలుతురులో పరిచి, రెండు పక్కలా కుట్లు విప్పింది. వదిన ఒంటికి సరిపోయిన గుడ్డ ఇద్దరికి సరిపోతుంది. లోపలికి మడిచి, గుండుసూదులు గుచ్చి, వెనకకుట్టు వేసుకుంటూ వచ్చింది. భుజం పట్టీలు కురచ చేసింది. దారం పంటితో తెంపుతుండగా ఫోన్ మోగింది.

"ఏం చేస్తున్నావే?"

"కుట్టుపని."

"ఆదివారం కూడానా? ఎవరిదేంటి?"

"పాతదిలే. వేసుకునే మనిషి మారింది, సరిచేస్తున్నా." గుండీలమ్మ గుడ్డను ఒళ్ళోంచి పక్కకు జరిపింది, అవతల వదినకు కనపడుతుందేమో అన్నట్టు. "మందులు వేసుకుంటున్నావా?"

"ఆ డబ్బా సంచిలోకి ఎలా వచ్చిందసలు?"

"నాకేం తెలుసు."

"నీకేం తెలుసులే పాపం." వదిన నవ్వింది. నవ్వు మధ్యలో ఊపిరి తెగి, ఆగి, మళ్ళీ అందుకుంది. "ఇక్కడ కిటికీ తీస్తే ఏం కనపడుతుందో తెలుసా? ఇంకో కిటికీ. బకెట్లో కాళ్ళు పెట్టుకున్నా సరే మా అమ్మాయి పరిగెత్తుకొస్తోంది. తువ్వాలుందా?"

"ఉంది."

"రేపు ఎవరు వెళ్తున్నారు?"

"అందరం" అంది గుండీలమ్మ.

సోమవారం పొద్దున ఆఫీసరు వచ్చేసరికి నీళ్ళలో నాలుగు తలకాయలున్నాయి. అతని వెంట గొలుసూ కొత్త తాళం పట్టుకున్న మనిషి ఒకడు. వాళ్ళ వెనక హోటలు వాళ్ళ వ్యాను, నిండా తెల్ల కుర్చీలు, ఒకదాంట్లో ఒకటి దూర్చి తాళ్ళతో కట్టి ఉన్నాయి.

ఎప్పుడూ ఎవరో ఒకరు నీళ్ళలో ఉండేలా వంతులు వేసుకున్నారు. ఆఫీసరుకు అది తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. కోప్పడలేదు. "బోర్డు నేనూ చదివాను" అన్నాడు. "అందరూ పైకొచ్చాకే వేద్దాం. నాకేం తొందర లేదు." గేటు పక్కన రాతి దిమ్మ మీద రుమాలు పరుచుకుని కూర్చున్నాడు.

తొందర వీళ్ళకే ఉంది. ఒకరికి బస్సు డ్యూటీ, ఒకరికి పొయ్యి మీద వంట, ఒకరికి ఆస్పత్రిలో హాజరు. పంతులమ్మ బడి గంట వినపడగానే పైకొచ్చి, తడి జుట్టుతోనే, చూపు కిందికి దించుకుని వెళ్ళిపోయింది. తువ్వాళ్ళు ఒక్కొక్కటే దిగుతున్నాయి, గుండీలు ఒక్కొక్కటే ఎడమ జేబులోకి మారుతున్నాయి. చివరికి రొట్టెలాయన ఒక్కడే మిగిలాడు. రాత్రంతా నిలబడి పనిచేసిన మనిషి. తాడు పట్టుకుని అటూ ఇటూ ఈదుతున్నాడు. మొదట పాట పాడాడు. తర్వాత పాట ఆగింది.

గుండీలమ్మ లేచి మెట్ల దాకా వెళ్ళింది. అతను ఒక డొల్ల నుంచి ఇంకో డొల్లకు రావడానికి పట్టే సమయం పెరుగుతోంది. పెదాలు వంకాయ రంగుకు తిరిగాయి.

"పైకి రా" అంది.

"ఇంకాసేపుంటా. నేనొస్తే మూసేస్తారు."

"రమ్మంటున్నానా. నీ పెదాలు నువ్వు చూసుకోలేదు. నేను చూస్తున్నా."

ఎప్పుడూ గొంతు పెంచని మనిషి అలా అనేసరికి అతను వచ్చాడు. కాళ్ళు వణుకుతుంటే మెట్ల మీద చేతులు ఆనించి పాక్కుంటూ ఎక్కాడు. ఆమె ఫ్లాస్కులో టీ అంతా అతనికే పోసి, అతని గుండీని ఎడమ జేబులో వేసింది.

ఆఫీసరు లేచి రుమాలు దులుపుకున్నాడు. మేకుల వరుస చూశాడు.

"ఇదెవరిది?"

"వదినదండి" అన్నాడు తాళాలాయన, రోజూ సాయంత్రం గేటు మూసే మనిషి.

"ఆవిడెక్కడ?"

తాళాలాయన గుండీలమ్మ వంక చూశాడు. నీళ్ళలో ఉంది అని ఒక్క మాట అంటే చాలు. ఆమె ఆ మాట కోసం నోరు తెరిచి చూసింది. రాలేదు. "కూతురింటికి వెళ్ళిందండి" అంది.

"అయితే నీళ్ళలో ఎవరూ లేరు. ఆ తువ్వాలు తీసి ఈవిడకిచ్చెయ్."

"నేను తీయనండి" అన్నాడు తాళాలాయన, తాళంచెవుల గుత్తి వైపు చూస్తూ. "మేకు మీది తువ్వాలు ఇంకొకరు తీసే పద్ధతి మాకు లేదు."

ఆఫీసరు నిట్టూర్చి తనే చెయ్యి చాచాడు.

"ఆగండి" అంది గుండీలమ్మ. చిన్న గొంతే. అయినా అతని చెయ్యి ఆగింది.

ఆమె కోటు గుండీలు విప్పుకోవడం మొదలుపెట్టింది. వాటిని ఊడకుండా గట్టిగా కుట్టుకున్నది తనే. ఒక్కో గుండీ దగ్గరా ఆగింది. అందరూ చూస్తూ ఉండగా కోటు తీసి, నీలం చారల పక్క మేకుకు తగిలించింది. లోపల నల్లటి ఈత బట్టలు. ఏనాడూ ఎండ చూడని సన్నటి కాళ్ళు. టీ కప్పు పట్టుకున్న రొట్టెలాయన వణకడం మరిచిపోయాడు.

ఆమె కోటు జేబులోంచి ఒక గుండీ తీసి ఆఫీసరు చేతిలో పెట్టింది.

"ఇదేమిటమ్మా?"

"ఇది నేనండి. నేను పైకొచ్చేదాకా జాగ్రత్తగా పట్టుకోండి. ఒడ్డున ఒకరుండాలి."

మొదటి మెట్టు దగ్గర నీళ్ళు కాలిని కొరికాయి. రెండో మెట్టు మీద ప్రాణం జివ్వున లేచింది. కమ్మీ పట్టుకుంది. వెనక్కి చూస్తే వెళ్ళలేనని తెలుసు కాబట్టి తాడు వంకే చూస్తూ దిగింది. నీళ్ళు నడుము దాకా వచ్చినప్పుడు ఊపిరి ఆడలేదు. రొమ్ము దాకా వచ్చినప్పుడు తనకే వినపడేలా ఒక కేక వచ్చింది. మెడ దాకా వచ్చేసరికి కింద ఇసుక మెత్తగా తగిలింది. తాడును చంకల కిందికి తెచ్చుకుని, ఒక ఎర్ర డొల్లను పసిపిల్లను ఎత్తుకున్నట్టు పొదివి పట్టుకుని నిలబడింది. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. ఆగలేదు, కొట్టుకుంటూనే ఉంది.

"ఆవిడకి ఈత వచ్చా?" అన్నాడు ఆఫీసరు.

"రాదండి" అన్నాడు తాళాలాయన.

"మరి ఆపవేమయ్యా?"

"ఇన్నాళ్ళూ మమ్మల్నందర్నీ కాచింది ఆవిడ. ఆవిడకి చెప్పడానికి నేనెవర్నండి?"

ఆఫీసరు మెట్ల అంచు దాకా పరిగెత్తాడు. "అమ్మా, పైకి రండి. కూర్చుని మాట్లాడుకుందాం."

"మాట్లాడండి బాబూ, వినపడుతోంది" అంది గుండీలమ్మ, పళ్ళు టకటకలాడుతుండగా. "రోడ్డు మీంచైతే వినపడేది కాదు."

ఒక అల వచ్చి అతని బూట్లు తడిపింది. వెనక్కి తగ్గలేదు. ఆమె తల మీంచి చూపు తిప్పడానికి అతనికి ధైర్యం చాలలేదు. వ్యాను డ్రైవరు గేటు దగ్గర్నుంచి, "సార్, కుర్చీలు దింపమంటారా?" అని అరిస్తే, అటు తిరక్కుండానే కసిరాడు.

"ఆగవయ్యా. నీళ్ళలో మనిషుందని కనపడట్లా?"

అప్పటికే రొట్టెలాయన తువ్వాలు చుట్టుకుని, చెప్పులు కూడా లేకుండా వీధిలోకి పరిగెత్తాడు. గుండీలమ్మ నీళ్ళలో ఉందన్న మాట లాండ్రీకి చేరింది, అక్కణ్ణుంచి వీధి వీధంతా పాకింది. లాండ్రీలో ఇస్త్రీ చేసే ఆయన, జన్మలో సముద్రంలో కాలు పెట్టనివాడు, చొక్కా తీసి మేకుకు తగిలించి మోకాళ్ళ దాకా దిగి బిగుసుకుపోయాడు. బడి వదలగానే పంతులమ్మ తోటి పంతులమ్మల్ని వెంటేసుకుని వచ్చింది. మేకులు చాలక ఒకే మేకుకు రెండేసి తువ్వాళ్ళు పడ్డాయి.

గుండీలమ్మ మాత్రం అంతసేపు ఉండలేదు. ఇస్త్రీ ఆయన దిగి, అతని వెనక ఇంకో ఇద్దరు దిగేదాకా ఉండి, కమ్మీ పట్టుకుని పైకొచ్చింది. రొట్టెలాయన కోటు తెచ్చి భుజాల మీద కప్పాడు. ఆమె ఆఫీసరు ముందు చెయ్యి చాచింది. అతను పిడికిలి విప్పాడు. గుండీ అచ్చు, నాలుగు బెజ్జాలతో సహా, అరచేతిలో ఎర్రగా దిగింది.

"వెళ్ళి ఒళ్ళు తుడుచుకోండమ్మా ముందు" అన్నాడు.

ఆ రోజు గొలుసు పడలేదు. మర్నాడూ పడలేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మేకు ఖాళీ ఉండకుండా ఊరు వంతులు వేసుకుంది. ఆఫీసరు పైవాళ్ళకు రాశాడు, పైవాళ్ళు మళ్ళీ అతనికి రాశారు. కుర్చీలు హోటలు వెనకాల టార్పాలిన్ కింద చలికాలం గడిపాయి. అప్పుడప్పుడు అతను అటుగా వస్తాడు. వెళ్ళేముందు మేకుల వంక ఒకసారి చూసి గానీ వెళ్ళడు.

ఆ సోమవారం సాయంత్రమే గుండీలమ్మ దుప్పట్లో ముడుచుకుని వదినకు ఫోన్ చేసింది.

జరిగిందంతా చెప్పింది. "లోతెంత?" అంది వదిన.

"మెడ దాకా."

"తల తడిసిందా?"

"లేదు."

"అయితే అది స్నానం, ఈత కాదు. నేనొచ్చి నేర్పిస్తాలే. ఒడ్డున ఎవరున్నారు?"

"ఆఫీసరు."

వదిన నవ్వడం మొదలుపెట్టింది. దగ్గు వచ్చినా ఆపలేదు. వెనక కూతురు, "అమ్మా, ఏమైంది, అమ్మా" అంటూ గదిలోకి రావడం వినపడింది. "తువ్వాలు తీయకు" అంది వదిన ఆ గొడవలోనే.

తీయలేదు. రాత్రి వేళ కూడా తాళాలాయన గేటును దగ్గరికి వేసి ఊరుకుంటాడు. తువ్వాలుండగా తాళం వేసే అలవాటు తనకు లేదంటాడు. చారలు వెలిసి, నీలం ఏదో తెలుపేదో తెలియకుండా పోయింది. గుండీలమ్మ ఇప్పటికీ పొద్దున్నే వచ్చి, మేకులు చూసుకుని కుడి జేబులో గుండీలు వేసుకుంటుంది. తను దిగేటప్పుడు వాటిని రొట్టెలాయనకు అప్పగిస్తుంది. అందరూ పైకొచ్చాక కూడా ఆ జేబులో ఒకటి మిగులుతుంది.

వదిన తిరిగి రాలేదు. మార్చి నెల రెండో మంగళవారం పొద్దున కూతురింట్లో చనిపోయింది.